పోయిన ఇరవై పాయింట్ల లెక్క

సోమవారం పొద్దున ప్రార్థన గంట ఇంకా కొట్టలేదు. కామాటిపుర నుంచి వచ్చే మా ఏడో తరగతి పిల్లవాడి తల్లి గేటు దగ్గర ఫోను పట్టుకొని నిలబడి ఉంది. నన్ను చూడగానే ఫోను ముందుకు చాపింది. అందులో ఆదివారం జరిగిన రాపిడ్ చెస్ పోటీ ఫలితాలు. పిల్లవాడి పేరు చివర ఎర్రగా మైనస్ 19.6 అని ఉంది.

"సార్, తొమ్మిది ఆటలాడిండు. నాలుగున్నర తెచ్చుకున్నడు. సగానికి సగం. మరి ఉన్న పాయింట్లు ఎట్ల పోతయి? వాళ్ల నాయిన రెండు దినాల కూలి గట్టిండు సార్. ఇగ వద్దే వద్దంటుండు."

ఆమె అడిగిన దానికి నేను అప్పటికప్పుడు సమాధానం చెప్పలేకపోయాను. "మధ్యాహ్నం రండమ్మా, లెక్క కట్టి చూపిస్తాను" అన్నాను. బడిలో చదరంగం నేర్పుతున్న నాకు ఎత్తులు వచ్చు గానీ, ఆ ఎర్ర అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అప్పటిదాకా కూర్చొని చూడలేదు. మన తెలుగు బడుల నుంచి ఇప్పుడిప్పుడే పిల్లలు ఈ పోటీలకు పోతున్నారు. ఆ తల్లి అడిగిన ప్రశ్న రేపు మీ గేటు దగ్గర కూడా ఎవరో ఒకరు అడుగుతారు. అందుకే ఆ మధ్యాహ్నం కట్టిన లెక్కను ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆట ఎంత వేగమైనదో చూద్దాం. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే దగ్గర ఒక్కో ఆటగాడికి మూడు వేర్వేరు రేటింగులు ఉంటాయి. గంటల తరబడి సాగే క్లాసికల్‌కు ఒకటి, రాపిడ్‌కు ఒకటి, బ్లిట్జ్‌కు ఒకటి. క్లాసికల్ రేటింగు అర్ధశతాబ్దం నాటిది. వేగం ఆటలకు విడిగా జాబితాలు 2012లో మొదలయ్యాయి. ఏ ఆట ఏ జాబితాలోకి పోతుందో తెలుసుకోవడం సులువు. ఇచ్చిన నిమిషాలకు, ఎత్తు ఎత్తుకూ కలిపే సెకన్లను అరవైతో గుణించి కలపాలి. వచ్చినది పది నిమిషాలు దాటి గంట లోపు ఉంటే రాపిడ్, పది లేదా అంతకు తక్కువైతే బ్లిట్జ్. 15 నిమిషాలు, ఎత్తుకు 5 సెకన్లు అని కరపత్రంలో ఉంటే 15కు 5 కలిపి మొత్తం 20 నిమిషాలు, అంటే రాపిడ్. 3 నిమిషాలు, 2 సెకన్లు అంటే మొత్తం 5, బ్లిట్జ్. ఈ లెక్కను ఐదో తరగతి పిల్లలే చేసి చూపించారు.

మన దేశంలో ఈ వ్యవహారం అఖిల భారత చెస్ సమాఖ్య ద్వారా నడుస్తుంది. 1951లో ఏర్పడిన ఆ సమాఖ్యలో పేరు నమోదు చేసుకుంటే ఫిడే గుర్తింపు సంఖ్య వస్తుంది. ఆ సంఖ్య ఉన్నంత మాత్రాన రేటింగు ఉన్నట్టు కాదు. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే పొరబడుతున్నారు. రేటింగు రావాలంటే అప్పటికే రేటింగు ఉన్నవారితో కనీసం ఐదు ఆటలు ఆడి ఉండాలి. అవన్నీ ఒకే పోటీలో కావాలని లేదు.

ఇక పాయింట్ల లెక్క. దీన్ని కనిపెట్టింది ఆర్పాద్ ఎలో అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డాడు. 'ఎలో రేటింగు' అనేది ఆయన ఇంటిపేరే, ఏ పొడి అక్షరాల కూర్పూ కాదు. ఆయన ఆలోచన మన పెద్దవాళ్లకు కొత్తదేమీ కాదు. తనకన్నా బలవంతుడి చేతిలో ఓడితే పెద్ద నామోషీ లేదు, బలహీనుడి చేతిలో ఓడితే ఊరంతా నవ్వుతుంది. ఎలో ఈ సంగతికే అంకెలు కట్టాడు. ఇద్దరి రేటింగుల తేడాను బట్టి ఆటకు ముందే ఒక అంచనా ఉంటుంది. ఇద్దరూ సమానమైతే అంచనా 0.50. ఎదుటివాడు 50 పాయింట్లు ఎక్కువైతే మనకు 0.43, 100 ఎక్కువైతే 0.36, 200 ఎక్కువైతే 0.24. మనమే 50 ఎక్కువైతే 0.57, 100 ఎక్కువైతే 0.64. గెలిస్తే 1, డ్రా అయితే అర, ఓడితే సున్నా. వచ్చిన దాంట్లోంచి అంచనాను తీసేస్తే మిగిలేదే మన లాభం లేదా నష్టం. దాన్ని ఒక గుణకంతో గుణిస్తారు. రాపిడ్, బ్లిట్జ్ ఆటల్లో ఆ గుణకం 20.

మధ్యాహ్నం ఆ తల్లి, పిల్లవాడు, నేను స్టాఫ్‌రూమ్ బల్ల దగ్గర కూర్చున్నాం. ఇక్కడ లెక్క సులువుగా అర్థం కావడానికి రేటింగులను గుండ్రటి అంకెలుగా వేస్తున్నాను. పిల్లవాడిది 1500.

మొదటి ఆట 1700 ఉన్న ఒక పెద్దాయనతో. ఓడాడు. అంచనా 0.24 కాబట్టి నష్టం 0.24. రెండో ఆట రేటింగు లేని పిల్లవాడితో. గెలిచాడు, కానీ అది లెక్కలోకి రాదు. ఎదుటివాడికి రేటింగు లేకపోతే మన రేటింగుకు ఆ ఆట ఆడనట్టే. మూడోది 1450 ఉన్న చిన్నపిల్లతో. ఓడాడు. తనకన్నా తక్కువ రేటింగు కాబట్టి నష్టం పెద్దది, 0.57. నాలుగోది 1600తో డ్రా. లాభం 0.14. ఐదోది రేటింగు లేనివాడితో గెలుపు, లెక్కలేదు. ఆరోది 1550తో ఓటమి, నష్టం 0.43. ఏడోది 1400తో గెలుపు, లాభం 0.36. ఎనిమిదోది మళ్లీ రేటింగు లేనివాడితో గెలుపు, లెక్కలేదు. తొమ్మిదోది 1700తో ఓటమి, నష్టం 0.24.

కూడికలు, తీసివేతలు పిల్లవాడే చేశాడు. మిగిలింది మైనస్ 0.98. ఇరవైతో గుణిస్తే మైనస్ 19.6. ఫోనులో ఉన్న ఎర్ర అంకె అదే.

తల్లి కాసేపు ఆ కాగితాన్నే చూసింది. "అంటే నాలుగు గెలిస్తే మూడు గెలుపులు ఉత్తగనే పోయినయా?" అంది. ఉత్తగా పోలేదు. పోటీ బల్లమీద ఆ మూడు పాయింట్లూ ఉన్నాయి, బహుమతుల వరసలో వాటికి విలువ ఉంది. రేటింగు ఖాతా వేరు, పోటీ ఖాతా వేరు. వంద మార్కుల పరీక్షలో పాసవడం ఒకటి, తరగతిలో ఎన్నో ర్యాంకు అనేది ఇంకొకటి అని చెప్పి చూశాను. పోలిక సరిగ్గా కుదరలేదనే అనిపించింది గానీ, ఆమె మాత్రం తలూపింది.

తరువాత ఆమె అడిగిన మాట నన్ను ఆలోచనలో పడేసింది. "ఇంకో నాలుగు మార్లు ఇట్లనే అయితే పేరే పోతదట గద సార్?"

ఎవరో సరిగ్గానే చెప్పారు. ఒకప్పుడు రేటింగుకు కింది హద్దు 1000. 2024 మార్చి 1 నుంచి దాన్ని 1400కు పెంచారు. అంతకన్నా కిందికి జారితే రేటింగు లేనివారి వరసలోకి పోతారు. మావాడు ఇప్పుడు 1480. హద్దుకు ఎనభై పాయింట్ల దూరం. ఇలాంటి ఆదివారాలు వరసగా నాలుగు వస్తే అంచుకు వచ్చేస్తాడు. అయిదోదానితో పేరు పోతుంది. పోయినా మళ్లీ ఆడి తెచ్చుకోవచ్చు, జీవితానికి వేసిన శిక్షేమీ కాదు. కానీ చాల్‌లో పదిమందికీ చెప్పుకున్న అంకె కనిపించకుండా పోతే పన్నెండేళ్ల పిల్లవాడికి ఎలా ఉంటుందో మనకు తెలుసు.

ఆ 2024 మార్పు గురించి తల్లిదండ్రుల్లో బోలెడు అపోహలున్నాయి. అప్పుడు క్లాసికల్ జాబితాలో 2000 లోపు ఉన్నవారందరి రేటింగును ఒక్కసారి పెంచారు. 2000 నుంచి మన రేటింగును తీసేసి, మిగిలిన దాంట్లో పదింట నాలుగు వంతులు మన రేటింగుకు కలిపారు. 1000 ఉన్నవాడు 1400 అయ్యాడు. 1200 ఉన్నవాడు 1520, 1500 ఉన్నవాడు 1700, 1900 ఉన్నవాడు 1940. అప్పట్లో ఒక తండ్రి మిఠాయి డబ్బా పట్టుకొని వచ్చి "మావాడు ఒక్క రాత్రిలో మూడొందలు పెరిగాడు" అన్నాడు. పెరిగింది కొలబద్ద. పిల్లవాడి ఆట ముందురోజు ఎంత ఉందో అంతే ఉంది. తన చుట్టూ ఉన్నవాళ్లందరూ కూడా పెరిగారు కదా.

అలా ఎందుకు చేయాల్సి వచ్చిందంటే, అందులో మన పిల్లల పాత్ర కొంత ఉంది. చిన్నపిల్లలు తక్కువ రేటింగుతో జాబితాలోకి వస్తారు. ఆరు నెలల్లో ఆట బాగా పెరుగుతుంది, అంకె మాత్రం వెనకాలే నడుస్తుంది. ఈలోగా పాత ఆటగాళ్ల దగ్గర పాయింట్లు లాగేసుకుంటారు. పెద్దవాళ్ల రేటింగులు కరుగుతూ పోతాయి. జాబితా మొత్తం కిందికి కుంగుతుంది. దానికి మందుగానే ఆ పెంపు, కొత్త హద్దు వచ్చాయి. కొత్తగా చేరేవారి తొలి రేటింగు లెక్కలో 1800 ఉన్న ఇద్దరు ఊహా ఆటగాళ్లతో రెండు డ్రాలు చేసినట్టు కలపడం కూడా అప్పుడే వచ్చింది. కొత్త పిల్లవాడు మరీ పాతాళం నుంచి మొదలుపెట్టకుండా అది ఆపుతుంది.

వేగం ఆటల్లో ఈ వెనుకబాటు ఇంకా ఎక్కువ అని నా అభిప్రాయం. కారణం గుణకమే. క్లాసికల్‌లో పద్దెనిమిదేళ్ల లోపు, 2300 కింద ఉన్న పిల్లలకు గుణకం 40. గెలిస్తే గబగబా ఎక్కుతారు. రాపిడ్‌లో పిల్లలకూ పెద్దలకూ ఒకటే 20. పిల్లవాడి ఆట లిఫ్టులో పోతుంటే అంకె మెట్లెక్కుతూ వస్తుంది. మూడో ఆటలో మావాణ్ణి ఓడించిన ఆ చిన్నపిల్ల 1450 కాదు. ఆమె అంకె మాత్రమే 1450. అలాగే మావాడు కూడా. కాబట్టి తల్లిదండ్రులారా, రాపిడ్ జాబితాలో పిల్లల మధ్య వంద పాయింట్ల తేడా చూసి ఒకరిని గొప్ప, ఒకరిని తక్కువ అనుకోకండి. ఇందులోనే ఒక ఊరట కూడా ఉంది. అదే ఆదివారం అవే ఫలితాలు క్లాసికల్‌లో వచ్చి ఉంటే పోయేవి 39.2 పాయింట్లు. ఇది చెప్పినప్పుడు మాత్రం ఆ తల్లి ముఖంలో కాస్త నవ్వు కనిపించింది.

ఇప్పుడు నాలుగో ఆట దగ్గరికి వెనక్కి రావాలి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

1600 వాడితో డ్రా అయిందని చెప్పాను. "గెలవాల్సింది సార్" అన్నాడు పిల్లవాడు మెల్లగా. బంటును చివరి గడికి నెట్టాడట. మంత్రి కావాలి. తన మంత్రి ఇంకా బల్లమీదే ఉంది, ఇంకో మంత్రి చేతికి దొరకలేదు. మన చాళ్లలో, మెట్ల కింద, గణపతి మండపం వెనకాల అందరూ చేసేదే వాడూ చేశాడు. చచ్చిన ఏనుగును తలకిందులుగా పెట్టి గడియారం నొక్కాడు. తరువాతి ఎత్తులో దాన్ని ఏటవాలుగా జరిపాడు. ఎదుటివాడు చెయ్యెత్తి ఆర్బిటర్‌ను పిలిచాడు. నియమం ప్రకారం తలకిందులుగా పెట్టినా ఏనుగు ఏనుగే. ఏనుగు ఏటవాలుగా నడవదు. అది అక్రమ ఎత్తు, ఎదుటివాడికి రెండు నిమిషాలు అదనం. ఇంకొకసారి జరిగితే ఆట పోతుందని ఆర్బిటర్ ఇంగ్లిషులో ఒకసారి, మరాఠీలో ఒకసారి చెప్పాడట. మావాడికి రెండు భాషలూ సగం సగమే అర్థమయ్యాయి. అర్థమైంది ఒక్కటే, తను తప్పు చేశాడని. భయపడ్డాడు. ఎదుటివాడు డ్రా అంటూ చెయ్యి చాపగానే పట్టుకున్నాడు.

అక్కడ పోయిన అర పాయింటు విలువ, ఇరవైతో గుణిస్తే, సరిగ్గా పది. పోయిన ఇరవైలో సగం. ఆ పది పోవడంలో పిల్లవాడి తెలివి తక్కువేమీ లేదు, తండ్రి కూలి డబ్బులు దండగా కాలేదు. రెండో మంత్రి దొరక్కపోతే గడియారం ఆపి ఆర్బిటర్‌ను అడగాలని నేను చెప్పలేదు. నాకు తెలుసు, కానీ చెప్పాలని తట్టలేదు. తల్లి ముందే ఆ మాట ఒప్పుకున్నాను.

వేగం ఆటల్లో పిల్లలు ఓడేది ఎత్తులు రాక మాత్రమే కాదు. ఏ చేత్తో పావును జరిపితే ఆ చేత్తోనే గడియారం నొక్కాలి. పావును జరపకుండా గడియారం నొక్కితే అదీ అక్రమ ఎత్తే. ముట్టుకున్న పావునే ఆడాలి. ఇవన్నీ మన పిల్లలకు తెలుగులో ఒక్కసారి, గడియారం ముందు పెట్టి చూపిస్తే చాలు. ఇంట్లో, గల్లీలో పిల్లలు వాడే పేర్లు కూడా కలగాపులగం. మంత్రిని వజీర్ అంటారు, గుర్రాన్ని ఘోడా అంటారు, ఒకే పావు ఒక ఇంట్లో శకటు, ఇంకో ఇంట్లో ఒంటె. పోటీలో ఆర్బిటర్ నోట వినిపించే పేర్లు ఇంకో రకం. నాలుగు భాషల్లో ఆరు పావుల పేర్లు ఒక అట్టముక్క మీద రాసి తరగతి గోడకు తగిలించాం. చాలా చిన్న పని. నిరుడే చేయాల్సింది.

తండ్రి సంగతి. రంగుల పని చేస్తాడు. పోటీ అంటే ఆ రోజు కూలి పోతుంది, ప్రవేశ రుసుము పోతుంది, లోకల్ రైలు, తిండి ఖర్చు. క్లాసికల్ పోటీ అయితే రోజుల తరబడి సాగుతుంది. ఖోలీలో పొయ్యి వెలగాలంటే అది మన ఇళ్లకు అందేది కాదు. రాపిడ్ ఒక్క ఆదివారంలో అయిపోతుంది. మన చాళ్ల పిల్లలకు దొరికిన తలుపు ఇదే. ఈ తలుపును మూయమని నేను ఎవరికీ చెప్పను. కానీ వారం వారం రేటింగు కోసమే డబ్బు కట్టడం కూడా వద్దంటాను. నెలకోసారి జాబితా మారుతుంది. రెండు మూడు నెలలకు ఒక మంచి పోటీ, మధ్యలో బడిలో, చాల్‌లో గడియారం పెట్టుకొని ఆట. అంతకు మించి ఏడో తరగతి వాడికి ఏం కావాలి? ఫలానా నెలల్లో ఫలానా రేటింగు గ్యారంటీ అనే ప్రకటనలు చూసినప్పుడు పైన కట్టిన లెక్క గుర్తు చేసుకోండి. అంచనా ఎదుటివాడి మీద ఆధారపడి ఉండగా గ్యారంటీ ఎవరివ్వగలరు?

ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. రాపిడ్ రేటింగు ఎంత పెరిగినా దాంతో గ్రాండ్‌మాస్టర్ బిరుదు రాదు. ఆ నార్ములన్నీ క్లాసికల్ ఆటలోనే తెచ్చుకోవాలి. రాపిడ్‌లో ఎత్తులు రాయడం తప్పనిసరి కాదు, అందుకే పిల్లలు రాయరు. రాయని ఆటను మళ్లీ చూసి నేర్చుకోలేరు. మా బడిలో పోటీ నుంచి వచ్చిన పిల్లలు సోమవారం కనీసం ఒక ఆటనైనా గుర్తున్నంత మేర నోటుబుక్కులో రాయాలనే నియమం పెట్టాను. సగం పేజీ దగ్గర ఆగిపోయేవాళ్లే ఎక్కువ. ఆగిపోయిన చోటే సాధారణంగా తప్పు దొరుకుతుంది.

అలాగని వేగం ఆట చిన్నచూపు చూడాల్సింది కాదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లో మాస్కోలో, మళ్లీ 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ రాపిడ్ చాంపియన్ అయ్యారు. రెండు విజయాలూ తల్లి అయిన తరువాత వచ్చినవే. న్యూయార్క్‌లో ఆమె వయసు 37, పదకొండు ఆటల్లో ఎనిమిదిన్నర పాయింట్లు. అక్కడ ఆడేది కూడా 15 నిమిషాల ఆటే, ఎత్తుకు 10 సెకన్లు. మరుసటి ఏడాది జూలైలో బటూమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో హంపి, మన నాగపూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్ రెండు క్లాసికల్ ఆటలూ డ్రా చేసుకున్నారు. కప్పు ఎవరిదో తేల్చింది రాపిడ్ ఆటలే. గెలిచిన దివ్యకు అప్పుడు పందొమ్మిదేళ్లు. వరంగల్ కుర్రవాడు ఎరిగైసి అర్జున్ క్లాసికల్‌లో 2800 దాటాడు, 2025 చివర దోహాలో రాపిడ్‌లో, బ్లిట్జ్‌లో కూడా కాంస్యం తెచ్చాడు. ఈ పేర్లు చెప్పినప్పుడు మా తరగతిలో కరీంనగర్, వరంగల్ మూలాలున్న పిల్లలు నిటారుగా కూర్చుంటారు. తాతల ఊరు పేరు వాళ్లకు పెళ్లిళ్లప్పుడు తప్ప వినిపించదు మరి.

కామాటిపుర పేరే నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుంచి కట్టడపు పనులకు వచ్చిన కామాటీల వల్ల వచ్చింది. ఇప్పుడు అక్కడ గల్లీలు పాతబడి, పునర్నిర్మాణం మాట నడుస్తోంది. వర్లీలో, నాయగావ్‌లో బీడీడీ చాళ్ల స్థానంలో ఎత్తయిన భవనాలు లేస్తున్నాయి. ఇళ్లు మారితే పిల్లలు బడులు మారతారు. తెలుగు మాధ్యమం తరగతుల్లో బెంచీలు ఇప్పటికే పలచబడ్డాయి. ఏ ఆదివారం ఏ హాలులో ఆడినా పిల్లవాడి రేటింగు మాత్రం వాడి వెంటే వస్తుంది. దానికి బడి మాధ్యమంతో పనిలేదు. బహుశా అందుకే ఆ తల్లికి ఇరవై పాయింట్లు అంత బరువుగా అనిపించాయేమో.

బుధవారం సాయంత్రం తండ్రి వచ్చాడు. చేతులకు ఇంకా సున్నం మరకలున్నాయి. లెక్క కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి కట్టి చూపించమన్నాడు. నాలుగో ఆట దగ్గర ఆపాడు. "ఏనుగును ఉల్టా పెడితే మంత్రి కాదా సార్? మేం చిన్నప్పటి సంది గట్లనే ఆడినం" అన్నాడు. కాదండీ అన్నాను. కాసేపు కొడుకు వంక చూసి, "అయితే అది నేనే నేర్పిన" అన్నాడు.

వచ్చే నెల పోటీకి దరఖాస్తు ఇంకా పెట్టలేదు. గడువు శనివారం దాకా ఉంది. ఈలోగా బడి నిధి నుంచి రెండు అదనపు మంత్రులు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది, తెప్పించి డబ్బాలో వేశాం.